చివరివాడు లేని వరస

"ఈ రోజు నుంచి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో చివరివాడంటూ ఎవడూ ఉండడు" అని ఆరోగ్య మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఆపరేషన్ కోసం బెంచీల మీద కూర్చున్నవాళ్లు, ఇంతకాలం ఆ చివరివాడు ఎవడా అని ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

అంతకు కొన్నాళ్ల ముందే ఆ వరసకి కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసే భాగ్యం నాకు దక్కింది. మా పెద్దమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు. అప్పటికి వరసలో మొదటి పేరు ఆమెదే. ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా లాభముండదని డాక్టరమ్మ చెప్పేసింది. దాంతో నాకు ప్రజాసేవ మీద అకస్మాత్తుగా మమకారం పుట్టింది.

మంత్రిగారి ఛాంబర్లో మీటింగ్. మామూలు క్యూ చాలన్నాను. ముందొచ్చినవాళ్లు ముందు వెళ్తారు, కొత్తవాళ్లు వెనక చేరతారు. మంత్రిగారు నన్ను జాలిగా చూశారు.

"అది సినిమా హాలు దగ్గర కూడా ఉంటుంది కదయ్యా. మరి ప్రభుత్వం చేసిందేంటి?"

లింక్డ్ లిస్టు గురించి చెప్పాను. అందులో ఒక్కో పేరుకీ తన తర్వాత ఎవరో మాత్రమే తెలుస్తుంది. మధ్యలో ఒకరిని తీసేసినా మిగతావాళ్లు కదలక్కర్లేదు. తమ పార్టీ కూడా అలాగే నడుస్తోందని ఆయన ముచ్చటపడ్డారు. ముందెవరో వెనకెవరో రెండూ తెలిసే డబ్లీ లింక్డ్ లిస్టు మాట ఎత్తగానే పీఏగారు లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు.

"అటూ ఇటూ ఎవరున్నారో తెలిస్తే జనం మాట్లాడుకుంటారు సార్. మాట్లాడుకుంటే సంఘం పెడతారు."

అంతటి దూరదృష్టి కంటి ఆసుపత్రిలో కూడా దొరకదు.

ప్రయారిటీ క్యూ ఒక పూట బతికింది. కళ్లు బాగా పాడైనవాళ్లు ముందుకొస్తారని తెలియగానే, సాయంత్రానికల్లా కార్యకర్తల బంధువులందరికీ చూపు పోయింది. కొందరు పాపం తమ అంధత్వానికి దరఖాస్తు ఇవ్వడానికి బైకు నడుపుకుంటూ వచ్చారు.

చివరికి సర్క్యులర్ లింక్డ్ లిస్టు దగ్గర ఆగాం. అందులో ఆఖరి పేరు తిరిగి మొదటి పేరుకే కలుస్తుంది. మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. గుండ్రంలో చివర ఎక్కడుంటుంది, సమానత్వమంటే ఇదేనన్నారు. మరి ఎవరి దగ్గర మొదలుపెట్టాలని అడిగాను. పీఏగారు శాఖ ఆనవాయితీ గుర్తుచేశారు. ఏ పథకంలోనైనా మొదటి లబ్ధిదారు మంత్రిగారే. ఉచిత కళ్లజోళ్లకీ ఆయనే, గర్భిణుల పోషకాహారానికీ ఆయనే. అలా పెద్దమ్మ రెండో పేరయింది.

ప్రారంభోత్సవం నాడు ఆ ప్రకటన అయ్యాక మీట నొక్కగానే తెర మీద మంత్రిగారి పేరు వెలిగింది. ఫొటోలు తీశారు. ఆయన వెళ్లిపోయారు. పేరు మాత్రం వెళ్లలేదు. మధ్యలో ఎవరూ దూరకుండా ఆయనే ఒక నిబంధన పెట్టించారు: ఒకరికి రెండు కళ్ల పనీ పూర్తిగా అయినట్టు నమోదైతే గానీ వరస జరగకూడదు. డాక్టరమ్మ గ్లౌజులు వేసుకుని నిలబడింది, తర్వాత తీసేసి కూర్చుంది.

రోజులు గడిచాయి. బెంచీలు చాలక జనం నేల మీద కూర్చున్నారు. పెద్దమ్మ గ్లాసు అనుకుని గాలిని పట్టుకోవడం మొదలుపెట్టింది. మంత్రిగారి పేరు తీసేస్తానని పీఏగారితో అన్నాను. ఆయన నా భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"మంత్రిగారిని మొదటి స్థానం నుంచి తీసేశారని రేపు పేపర్లో వస్తే, నిన్ను ఎక్కడి నుంచి తీసేస్తారో ఆలోచించావా బాబూ?"

పాలనాపరమైన పరిష్కారం ఒకటే మిగిలింది. జబ్బు లేని కంటికి ఆపరేషన్ ఏంటని డాక్టరమ్మ మొండికేసింది. చెయ్యొద్దు, చేసినట్టు రాస్తే చాలన్నారు పీఏగారు. బయట కూర్చున్నవాళ్లను ఒకసారి చూసి ఆమె సంతకం పెట్టింది.

మర్నాడు మంత్రిగారు కుడి కంటికి తెల్లటి కట్టుతో విలేఖరుల ముందుకొచ్చారు. ప్రజలకంటే ముందు తన కన్ను ఒప్పగించిన నాయకుడని పత్రికలు మెచ్చుకున్నాయి. వెనకబడకూడదని ప్రతిపక్ష నేత రెండు కళ్లకీ కట్టు కట్టుకుని ప్రచారానికి బయల్దేరారు.

నేను పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తెర ముందుకి తీసుకొచ్చాను. డాక్టరమ్మ మీట నొక్కింది.

"ఎవరి పేరొచ్చిందిరా?" అంది పెద్దమ్మ.

"మంత్రిగారిదే పెద్దమ్మా. ఎడమ కన్ను."

పెద్దమ్మ మొహం జాలితో నిండిపోయింది.

"అయ్యో, రెండోది కూడా పోయిందా? ముందు ఆయనకే చెయ్యనీ నాయనా. మనమంటే ఎలాగో తడుముకుంటాం."