ఉలహన్నాన్ ముఖం మీది గులాబీ

"చంగనాశ్శేరిలో నేరం చేసి తప్పించుకోవాలంటే ఒకటే మార్గం బిన్సీ," అన్నాడు వర్కిచ్చన్, కుర్చీ వెనక్కి వాల్చి. "ఆ నేరం నేను పుట్టకముందే చేసి ఉండాలి."

బిన్సీ కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. మార్కెట్ రోడ్డులో ఆమె వీడియో స్టూడియో పెట్టి పదహారేళ్ళయింది. పాత కేసెట్లలోని పెళ్ళిళ్ళను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, బొమ్మ మీది మచ్చలూ గీతలూ తుడవడం ఆమె పని. ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివి రిటైరైన వర్కిచ్చన్, ఆమె అచ్చాయన్ అని పిలిచే ఈ పెద్దాయన, రోజూ పదింటికల్లా వచ్చి ఆ కుర్చీలో కూర్చోవడం ఆమె ఖర్మ.

"పోయిన నెల చర్చి గుమాస్తాగారి గొడుగు కేసులో దొంగ మీరేగా అచ్చాయా?"

"పొరపాటున తీసుకున్నవాణ్ణి దొంగనరు. అయినా పట్టుకున్నదెవరు? నేనే."

అంతలో ఏలికుట్టి అమ్మచ్చి మెట్లెక్కి వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. తెల్లని ముండు పంచె, వదులైన చట్టా రవిక, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచిలోంచి ఒక డిస్కు తీసి బల్లమీద పెట్టింది.

"మోళే, నా తల్లీ, ఇది మా అమ్మాయి సాలీ పెళ్ళి. వచ్చే ఆదివారానికి మా ఆయన పోయి ఏడాది. ప్రార్థన హాల్లో పెట్టడానికి ఒక్క ఫోటో లేదు. కెమెరా చూస్తే చాలు, పశువులకు కుడితి పెట్టాలని పారిపోయేవాడు. ఓటరు కార్డులో తుమ్మబోతున్నట్టుంటాడు. ఇందులోంచి ఓ మంచి ముఖం తీసిపెట్టు."

బిన్సీ డిస్కు పెట్టింది. పెళ్ళి మొదలైంది. తెర మూల పసుపుపచ్చ అంకెల్లో తేదీ. పైనుంచి హృదయాలు రాలుతున్నాయి. రెండు హంసలు మెడలు పెనవేసుకుంటూ కుడి నుంచి ఎడమకు ఈదుతున్నాయి. వెనక ఏదో పాట. పెళ్ళికూతురి తండ్రి ఉలహన్నాన్ తెర మీదికి రాగానే, కిందనుంచి ఒక ఎర్రగులాబీ పైకి లేచి, సరిగ్గా ఆయన ముఖం మీద విచ్చుకుంది. ఆయన జరిగితే గులాబీ జరిగింది. చర్చిలో గులాబీ, పందిట్లో గులాబీ. కూతుర్ని కారెక్కించేచోట ఏకంగా రెండు.

"చూశావా?" అంది ఏలికుట్టి. "మా మరిది ముఖం, వంటవాడి ముఖం, చివరికి మా కుక్క ముఖం కూడా శుభ్రంగా ఉంది. ఆయనదే లేదు. ఈ పువ్వు తుడిచెయ్యి."

వర్కిచ్చన్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "చేడత్తీ," అన్నాడు ఏలికుట్టితో, "దీన్ని మీరు పువ్వంటున్నారు. నేను ముసుగంటాను. ఒక మనిషి ముఖాన్ని లోకం కంట పడకుండా చేసిన హస్తం ఎవరిది? గు-లాబీ. పేరులోనే లాబీ ఉంది."

"కూర్చోండి అచ్చాయా," అంది బిన్సీ.

"ఆ మూల తేదీ చదువు."

"ఎనభై ఎనిమిది, జనవరి ఒకటి."

"పెళ్ళెప్పుడు చేడత్తీ?"

"తొంభై మూడు మే నెల."

"ఈ చర్చి కట్టిందే తొంభై ఒకటిలో. లేని చర్చిలో ఈ పెళ్ళి ఎలా జరిగింది?" అతని గొంతు గుసగుసలోకి దిగింది. "తేదీలో తేడా ఉంది."

"ఆ రోజుల్లో కెమెరాలో గడియారం ఎవరూ సరిచేసేవారు కాదు," అంది బిన్సీ. "నా పెళ్ళి వీడియో ప్రకారం నాకు బడికెళ్ళే రోజుల్లోనే పెళ్ళయింది."

వర్కిచ్చన్ అప్పటికే మెట్లు దిగిపోయాడు.

బిన్సీ రెండు రోజులు ఆ గులాబీతో కుస్తీ పట్టింది. తేదీ సులువుగానే పోయింది. హంసల్నీ ఒక్కో బొమ్మలోంచి ఏరేసింది. గులాబీ మాత్రం ఏ బొమ్మలోనూ ఆ ముఖం మీంచి తప్పుకోలేదు. దాన్ని చెరిపితే అక్కడ ఏముండాలో కంప్యూటర్‌కు తెలియదు. చుట్టుపక్కల కనిపించినదాంతో పూడ్చేస్తుంది. మొదటిసారి ఉలహన్నాన్‌కు అరటిగెల ముఖం వచ్చింది. రెండోసారి పక్కనున్న పెళ్ళికొడుకు మీసమూ, ఎవరో చుట్టపామె చెవిదుద్దూ వచ్చాయి.

ఏలికుట్టి తెరకు దగ్గరగా వంగి చూసింది. "ఈయనెవరో బాగానే ఉన్నాడు గానీ, నేను కాపురం చేసింది ఈయనతో కాదు."

"అడుగున ముఖం లేదు అమ్మచ్చీ. ఉన్నది తీయగలను గానీ లేనిది పుట్టించలేను. పుట్టిస్తే అది అబద్ధమవుతుంది."

"ఈమధ్య ఆయన ముఖం గుర్తు చేసుకోబోతే ఓటరు కార్డే కళ్ళముందుకొస్తోంది మోళే," అంది ఏలికుట్టి. సంచి మడతపెట్టుకుని మెట్లు దిగింది.

సరిగ్గా అదే సమయానికి వర్కిచ్చన్ శత్రు శిబిరంలో ఉన్నాడు. ఆ పెళ్ళి వీడియో తీసింది సుగుణన్ అని వాకబు చేసి, పాత సామాన్లు కొనేవాడి వేషం కట్టాడు. మాసిన లుంగీ, తలకు తువ్వాలు, భుజాన గోనెసంచి. ఎవరూ గుర్తుపట్టరని తనను తాను అభినందించుకుంటూ గేటు దగ్గర నిలబడి కేకేశాడు.

సుగుణన్ భార్య వనజ బయటికొచ్చి ఎగాదిగా చూసింది. "మీటర్ వర్కిచ్చన్ కదూ?"

వర్కిచ్చన్ గొంతు మార్చాడు. "కాదమ్మా, నాది తమిళనాడు."

"ఇరవై ఏళ్ళు మా ఇంటి మీటరు తప్పు చదివారు. మిమ్మల్ని మర్చిపోతానా?" ఆమె లుంగీ వంక చూసి నిట్టూర్చింది. "ఇంత కష్టమొచ్చిందా మీకు? రండి, లోపలికి రండి. మా ఆయన పడుకున్నాడు. ముందు కాస్త కప్పదుంప తినండి."

ఉడకబెట్టిన కప్పదుంప, అదే కర్రపెండలం, ఆవిర్లు కక్కుతూ పళ్ళెంలోకి వచ్చింది. పక్కన కాంతారి మిరపకాయ పచ్చడి. మహా పరిశోధకుడు మూడుసార్లు వడ్డించుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా ఒక్క ప్రశ్నా అడగలేకపోయాడు. ఆ కళ్ళనీళ్ళు చూసి వనజ మరింత కరిగిపోయింది. అటక మీదున్న పాత చెత్తంతా మూడు సంచులకెత్తి, "డబ్బులేమీ వద్దు, అమ్ముకుని బతకండి," అంటూ ఆటో ఎక్కించింది.

సాయంత్రం నాలుగింటికి, కుండపోత వానలో, వర్కిచ్చన్ స్టూడియోకు వచ్చాడు. రెండు సంచులు ఆటోవాడికే ఇచ్చేశాడు. మూడోది ఈడ్చుకొచ్చాడు.

"ఏం తేలింది అచ్చాయా?"

"ముద్దాయి నిద్రపోతున్నాడు. అతని భార్య గుండెలు తీసిన బంటు. కప్పదుంపతో నా నోరు మూయించింది." సంచిని కాలితో తన్నాడు. "ఇందులో నేరానికి వాడిన ఆయుధమేదీ లేదు. అన్నీ బూజు కేసెట్లే. రేపు చెత్తబండి వస్తే పారెయ్యి."

తన్నిన తన్నుకు నానిన సంచి పిగిలింది. కేసెట్లు గచ్చంతా దొర్లాయి. తిట్టుకుంటూ ఏరబోయిన బిన్సీ చేతిలో ఒకటి ఆగిపోయింది. దాని మీద నీలిసిరాతో రాసి ఉంది: సాలీ పెళ్ళి, పువ్వులు కలపకముందు.

ఆమె దాన్ని దీపం కిందికి ఎత్తి పట్టింది. "అచ్చాయా, ఇదేమిటో తెలుసా మీకు?"

"తెలియకేం," అన్నాడు వర్కిచ్చన్, తెలియక.

దూదితో టేపు మీది బూజు తుడిచేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. ఏలికుట్టికి కబురు వెళ్ళింది. ఆమె వచ్చి కూర్చున్నాక బిన్సీ కేసెట్ నడిపింది. హృదయాలు లేవు, హంసలు లేవు, పాట లేదు. చర్చి గంటలు, జనం గోల మాత్రం ఉన్నాయి. ఆ గోల మధ్య ఉలహన్నాన్ నిలబడి ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, తెల్లచొక్కా, పెద్ద చెవులు. భోరున ఏడుస్తున్నాడు.

చర్చిలో ఏడుస్తున్నాడు. పందిట్లో ఎవరికో కూర వడ్డిస్తూ ఏడుస్తున్నాడు. కారు దగ్గర స్తంభం చాటుకు వెళ్ళి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. అక్కడ కెమెరా తన వైపు తిరగడం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సుగుణా, నా ముఖం ఎవరికీ చూపించకు. ఏలికుట్టి చూసిందంటే అదీ ఏడుస్తుంది, దాన్ని ఆపడం నావల్ల కాదు. ఏ పువ్వో ఆకో అడ్డం పెట్టెయ్యి, నీకు పుణ్యముంటుంది."

బయట వాన పడుతూనే ఉంది.

"రాయి అన్నాను ఆయన్ని," అంది ఏలికుట్టి. "కూతుర్ని పంపిస్తూ కన్నీటిబొట్టు రాల్చని రాయి అని, గొడవైనప్పుడల్లా అన్నాను. ఆ రోజంతా నేను ఆడవాళ్ళ మధ్యే ఉండి చూడలేదు సరే, తర్వాతైనా ఒక్కసారి నోరు తెరిచి చెప్పలేదే ఈ మనిషి."

వర్కిచ్చన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఏమైంది అచ్చాయా?"

"బూజు," అన్నాడు గోడతో. "పాత కేసెట్ల బూజు కళ్ళకు మంచిది కాదు. నా పథకం మొదటినుంచీ ఇదే అని రాసుకో."

"రాసుకున్నాను," అంది బిన్సీ మెత్తగా.

పెళ్ళికి ముందు, ఉలహన్నాన్ తమలపాకుల పళ్ళెం పట్టుకుని ఎవరి మాటకో నవ్వుతున్న చోట బిన్సీ బొమ్మ ఆపింది. "హాల్లో పెట్టడానికి ఇది బాగుంటుంది అమ్మచ్చీ."

"బాగుంది. అదే తియ్యి." ఏలికుట్టి ముండు చెంగుతో ముఖం తుడుచుకుని, సంచిలోంచి ఫోను తీసి బిన్సీ చేతికిచ్చింది. "తొడుపుళలో అత్తారింట్లో ఉన్న సాలీకి కలిపివ్వు."

అవతల గొంతు పలకగానే ఆమె ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. "ఒసే సాలీ, మీ నాన్న ఏడ్చాడే. ఆ, నీ పెళ్ళికే. లేదే, నాకు మతి పోలేదు. వంట అలా వదిలేసి బస్సెక్కు. నువ్వొచ్చేదాకా మేమిక్కడే కూర్చుంటాం."