బ్రేకు తొక్కితే వెలిగే లైట్లు

ఆ రోజు సుదర్శన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మామ మిర్చి బస్తాలు తన డీసీఎం వ్యానులో ఎక్కించుకోవాలి, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో జెండాపాట మొదలు కాకముందే దింపాలి. ఆ రోజు ధర తేలేది జెండాపాట అనే ఆ మొదటి వేలంలోనే. ఆలస్యంగా వచ్చిన సరుకునైతే వ్యాపారులు చేత్తో నలిపి, పెదవి విరిచి, నోటికొచ్చిన రేటు చెబుతారు. పైగా మర్నాటి నుంచి యార్డుకు సెలవు.

మామ వెంకట్రాజం కేసముద్రం పక్క ఊళ్లో మిర్చి రైతు. పెళ్లయి ఇన్నేళ్లయినా అల్లుడి బండికి ఒక్క బస్తా ఎత్తలేదు. "చుట్టపోళ్ల బండైతే గట్టిగ అడగరాదు" అని పైకి అనేవాడు. అసలు సంగతి, అల్లుడి తెలివి మీద ఆయనకు రవ్వంత నమ్మకం లేదు. ఈసారి కూతురు సుభాషిణి తండ్రితో మాట్లాడటం మానేసి మరీ ఈ లోడు సాధించింది. ఇది సవ్యంగా దిగితే సీజనంతా మామ లోడ్లు సుదర్శన్‌వే. దిగకపోతే ఇక ఈ జన్మకు అడగనక్కర్లేదు.

అంత గొప్ప రోజుకు బండి కళకళలాడాలని సుదర్శన్ ముందురోజే వరంగల్ వెళ్లి, కంపెనీ హెడ్‌లైట్లు పీకించి, తెల్లటి ఎల్ఈడీ లైట్లు పెట్టించుకొచ్చాడు. తెల్లవారి మామ ఇంటి దగ్గర బస్తాలు ఎక్కించాక, బండి ముందు నిమ్మకాయ కడుతున్న సుభాషిణి కెవ్వున అరిచింది.

"ఏందయ్యా, నా కండ్లు పోయినయ్! నిమ్మకాయ కట్టేటప్పుడా లైట్లేసేది?"

"నేనెక్కడేసిన? బ్రేకు మీద కాలు పెట్టిన, గంతే!"

మళ్లీ తొక్కాడు. ముందు లైట్లు భగ్గుమన్నాయి. కాలు తీశాడు, ఆరిపోయాయి. లైట్లు బిగించిన చంద్రమౌళికి ఫోన్ కొట్టాడు.

"చంద్రమౌళన్నా, బ్రేకు తొక్కితే ముందర లైట్లు ఎలుగుతానయే!"

"గది ఎర్త్ వైరు ఫాల్టు తమ్మీ. కరెంటుకు తిరిగిపోయే తొవ్వ దొర్కక లైట్లల్లకు దూర్తాంది. బోల్టు కాడ రంగు గీకి, వైరు గట్టిగ బిగియ్యి."

"అంటే నువ్వు గీకలేదా?"

"మొన్ననే రంగేయించినవు. గీకుదామంటే నాకే మనసొప్పలే."

సుదర్శన్ మాత్రం గుండె రాయి చేసుకొని కొత్త రంగు గీకాడు, వైరు బిగించాడు, బ్రేకు తొక్కి చూశాడు. లైట్లు బుద్ధిగా ఊరుకున్నాయి.

"అయిందా నీ దీపావళి?" అంటూ మామ బండెక్కాడు.

లారీలు నడిపేవాళ్లకు ఒక ధర్మం ఉంది. చెకింగ్ దాటి వచ్చిన డ్రైవరు ఎదురొచ్చే బండికి పట్టపగలే లైట్లు కొడతాడు. ముందు చెకింగ్ ఉంది, నీ సంగతి చూసుకో అని దానర్థం. లోడు ఎక్కువున్నవాడు ఆగిపోతాడు, కాగితాల్లేనివాడు పొలాల దారి పడతాడు. ఇద్దరూ చెయ్యెత్తి దండం మాత్రం పెడతారు.

ఊరు దాటగానే వచ్చిన పెద్ద గుంతలో బోల్టు మళ్లీ వదులైన సంగతి సుదర్శన్‌కు తెలియదు. పగటి ఎండలో తన లైట్లు తనకు కనిపించవు. గుంత వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతున్నాడు. ఆ రోడ్డు మీద గుంతలకేం కరువు?

మొదట ఇసుక ట్రాక్టరు వాడు దండం పెట్టాడు. తర్వాత ఎరువుల లారీ డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి మరీ సలాము కొట్టాడు. ఆ తర్వాత ఎదురొచ్చినవాడల్లా మొక్కుతూనే ఉన్నాడు. వెంకట్రాజం నోరెళ్లబెట్టాడు.

"నిన్ను గింతమంది ఎరికేనా అల్లుడా?"

సుదర్శన్‌కూ ఆశ్చర్యంగానే ఉంది. కానీ మామ అలా చూడటం పెళ్లి తర్వాత ఇదే మొదలు. వదులుకోబుద్ధి కాలేదు.

"లైన్ల మనకు జర ఇజ్జతున్నది మామా" అన్నాడు, స్టీరింగు ఒంటిచేత్తో తిప్పుతూ.

అద్దంలో చూస్తే, దండం పెట్టిన బండ్లన్నీ ఆగి వెనక్కి తిరుగుతున్నాయి. ఒక ఆటోలోంచి కూలీలందరూ దిగి నడక మొదలుపెట్టారు. తిరిగిన బండ్లు సుదర్శన్‌ను దాటుకొని వరంగల్ వైపు దౌడు తీశాయి, కనిపించినవాళ్లకల్లా తామూ లైట్లు కొట్టుకుంటూ.

ఎనుమాముల ఇంకాస్త దూరం ఉందనగా చౌరస్తాలో బండి ఆగిపోయింది. నాలుగు రోడ్లూ నిండిపోయాయి. ఇంజన్లు ఆపేసి డ్రైవర్లు టీ తాగుతున్నారు. సుదర్శన్ దిగి, సాంబయ్య అనే ముసలి లారీ డ్రైవరును అడిగాడు.

"ఏమైంది పెద్దయ్యా?"

"చెకింగున్నదట బిడ్డా."

"ఏ దిక్కు?"

"అన్ని దిక్కులట! మా అదృష్టం బాగుండి, ఎవడో తెల్ల లైట్ల డీసీఎం పిల్లగాడు తొవ్వ పొడుగూత అందరికి లైట్లు కొట్టుకుంట వచ్చిండట. వాని కడుపు సల్లగుండ."

సుదర్శన్ నెమ్మదిగా తల తిప్పి తన బండి వంక చూశాడు. దండాలు, సలాములు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. గోనెసంచి తెచ్చి లైట్ల మీద కప్పేద్దామని రెండడుగులు వేశాడు. అంతలో మామ క్యాబిన్ మెట్టు మీద నిలబడి గొంతెత్తాడు.

"ఆ పిల్లగాడు ఎవడో కాదు, మా అల్లుడే! సుదర్శన్!"

చౌరస్తా హోరెత్తింది. ఒకరు టీ ఇచ్చారు, ఒకరు భుజం మీద కొత్త తువ్వాలు కప్పారు. ఆ గుంపును తోసుకుంటూ ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి చెకింగ్ ఆఫీసరు రాజేశ్వర్ రావు దిగాడు.

"లైట్లు కొట్టి అందర్ని ఆపింది ఎవరు?"

అందరూ కృతజ్ఞతతో సుదర్శన్‌ను చూపించారు.

"ఇయ్యాల చెకింగ్ పెట్టాలని రాత్రి నా మనసుల అనుకున్న. పొద్దున జీపెక్కినంక నా డ్రైవర్‌కు చెప్పిన. ఇంకో పురుగుకు తెల్వదు. నీకెవడు చెప్పిండు?"

సుదర్శన్ గుడ్లు తేలేశాడు. లేని చెకింగుకు లైట్లు కొట్టానని ఇంతసేపూ సిగ్గుపడుతుంటే, చెకింగు నిజంగానే ఉందట. జీపులో ఉన్న డ్రైవరు శ్రీకాంత్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"సార్, నా పిల్లల మీదొట్టు, నేను చెప్పలే!"

"నాకెవ్వరు చెప్పలే సార్" అన్నాడు సుదర్శన్. "ఎర్త్ వైరు ఫాల్టు. బ్రేకు తొక్కితే లైట్లు ఎలుగుతయ్."

"ఏదీ, తొక్కు."

తొక్కాడు. వెలగలేదు. రెండు కాళ్లతో తొక్కాడు, బంపరును తన్నివచ్చి తొక్కాడు, దేవుళ్లందరినీ తలుచుకొని తొక్కాడు. వెనకాల ఎర్రలైట్లు ముచ్చటగా వెలిగాయి. ముందున్నవి మాత్రం చిన్నపిల్లల కంటే అమాయకంగా చూస్తున్నాయి.

"గుంతల పడితె ఎలుగుతయ్ సార్. జర ముందరి గుంత దాకా తోలనియ్యండ్రి."

"అట్నుంచి అటే పారిపోతవు! చెప్పినోని పేరు చెప్పేదాకా ఈ బండి కదలది."

వెంకట్రాజం ఎండ వంక చూశాడు, బస్తాల వంక చూశాడు, చివరికి తువ్వాలు కప్పుకొని దిక్కులు చూస్తున్న అల్లుడి వంక చూశాడు. మెట్టు దిగివచ్చి చేతులు జోడించాడు.

"సారూ, ఒక్క మాట. మీ మనసుల ఉన్నది దెల్సుకునేటంత తెలివి మా అల్లునికి లేదు. పెండ్లైన కాడికెల్లి చూస్తాన. పోయినేడు మా ఇంటామె బక్కమ్మకు జరమొస్తే, దవాఖానకు తీస్కపోత అత్తా అని బండి దీసిండు. దవాఖాన కాడ దిగి చూసుకుంటే అత్త లేదు. ఆమె ఇంటి కాడనే అరుగు మీద కూసోని ఉన్నది. గిసోంటోడు మీ గుట్టు పట్టుకుంటడా సారూ?"

రాజేశ్వర్ రావు సుదర్శన్‌ను కింది నుంచి పై దాకా పరికించాడు.

"నిజమేనా?"

చౌరస్తా అంతా చెవులు రిక్కించింది. సాంబయ్య టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. అబద్ధమంటే పరువు దక్కుతుంది, మిర్చి ఆగిపోతుంది. సుదర్శన్ భుజం మీది తువ్వాలు తీసేశాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

"నిజమే సార్. ఆమె ఎనక కూసున్నదనే అనుకున్న."

ఆఫీసరు ముఖంలో అనుమానం పూర్తిగా కరిగిపోయింది. శ్రీకాంత్ వెంకట్రాజం కాళ్లకు మొక్కినంత పని చేశాడు.

"సరే, ముందుగాల నీ బండికే తొవ్వ ఇప్పిస్త. ఆ లైట్లు ఇయ్యాలనే పీకించెయ్యి. కాని చెకింగ్ ఎందుకు పాడైందంటె పైన నేను జవాబు చెప్పుకోవాలె. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసియ్యిన్రి."

"నాకు రాసుడు రాదు సారూ" అని వెంకట్రాజం అల్లుడి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "రాయి బిడ్డా, జెండాపాట టైమైతాంది. సీజను లోడ్లన్ని నీ బండికే, ఒట్టు."

అల్లుడికి తెలివి లేదన్న సంగతి జీపు బానెట్ మీద అల్లుడే గుండ్రటి అక్షరాలతో రాశాడు, కింద మామ వేలిముద్ర వేశాడు.