పదమూడో పేజీ

జ్ఞానానికి తాళం వేయరాదని నగరంలోని ఒక పరిశోధనా సంస్థ ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ తీర్మానాన్ని భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేసింది. ఈ శుభవార్త ప్రజలకు చేరాలి గనుక పాతబస్తీలో ఫంక్షన్ హాలు మాట్లాడారు. అతిథులకు శాలువాలకు బదులు లక్క గాజులు ఇవ్వాలన్నారు. చేతుల కొలతలు అడగబోతే డైరెక్టరు ఆనందరావుగారు వద్దన్నారు. జ్ఞానం ముందు అందరూ సమానమే కాబట్టి గాజులు కూడా ఒకే సైజు.

ఆర్డరు సుగ్రాకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా కుంపటి ముందు కూర్చుని లక్క కరిగిస్తోంది. ఆరేళ్ల కిందట ఈ సంస్థవాళ్లే వచ్చి, ఆమెతో గొట్టంలోకి ఊదించి, ఆమె దగ్గు మీద పరిశోధన పత్రం రాసుకుపోయారు. అది పన్నెండు దేశాల్లో చదివారట. సుగ్రా చదవలేదు. కూతురు యుస్రా ఫోన్లో వెతికితే, చదవాలంటే ముందు డబ్బు కట్టమని వచ్చింది.

"అమ్మీ దగ్గును మళ్లా మాకే అమ్ముతున్నరేంది?" అని యుస్రా మండిపడింది.

సుగ్రాకు తన దగ్గు గురించి ఫికర్ లేదు, అది పాత చుట్టం. పోయిన వారం నుంచి, కొత్తగా కుంపటి ముందు కూర్చుంటున్న యుస్రా కూడా దగ్గుతోంది. అందుకే ఆ పొగలో ఏముందో ఆమెకు తెలియాలి.

గాజులన్నీ పొట్లాలు చుట్టి పంపేశాక, పాత కాగితాలమ్మే రద్దీవాడు తూచి ఇచ్చినవాటిలో చుట్టగా మిగిలిన కాగితాలను యుస్రా తిరగేసింది. సంస్థ బీరువాలు ఖాళీ చేసి అమ్మిన సరుకది. అందులో సాక్షాత్తూ ఆ పత్రమే ఉంది! పన్నెండో పేజీ చివర, 'ఈ జబ్బును ఆపడానికి చేయవలసిన మొదటి పని' అని ఆగింది. పదమూడో పేజీ ఎవరో అతిథి గాజులకు చుట్టుకుని వెళ్లిపోయింది.

తల్లీకూతుళ్లు హాలుకు పరుగెత్తారు. అతిథులు బిర్యానీ ముగించి వెళ్లిపోయారు. ఆనందరావుగారు మాత్రం ఖాళీ కుర్చీలను ఉద్దేశించి ఇంకా ప్రసంగిస్తున్నారు. విషయం విని చలించిపోయారు.

"అమ్మా, జ్ఞానం మీది! పేజీ మాత్రం సంస్థది. దరఖాస్తు పెట్టుకోండి. ఫారం మా సభ్యులకు ఉచితం."

ఆ రోజు నుంచి సుగ్రా ఐదు పూటలా ఒకటే దువా చేసింది. యా అల్లా, నేను చేసిన గాజులు ఎవరి చేతికీ ఎక్కకూడదు! పాతబస్తీలో ఏ గాజులామె ఇలాంటిది కోరి ఉండదు.

ఆనందరావుగారి సమానత్వం పుణ్యమా అని దువా ఫలించింది. సైజు మార్చమంటూ గాజులు చుట్టిన కాగితాలతో సహా ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మూడో రోజు సంస్థలో పెద్ద శాస్త్రవేత్త డాక్టర్ మహేశ్వరి వచ్చి, విప్పిన పొట్లం దుకాణం గల్లా మీద పెట్టింది. చుట్టింది పదమూడో పేజీలోనే. యుస్రా లాక్కుని చదివింది.

'మొదటి పని: ఈ విషయం ఆ కార్మికులకు చెప్పడం. ఏం చెప్పాలో మా రెండో పత్రంలో చూడగలరు.'

సుగ్రా పడీపడీ నవ్వింది, ఆ నవ్వు దగ్గులోకి దిగింది. యుస్రా కూడా దగ్గింది.

"పాపం, ఈ పొగ మీద ఎవరైనా రిసెర్చ్ చేస్తే బాగుండు" అంది మహేశ్వరి.

యుస్రా పేజీ పైనున్న పత్రం రాసినవాళ్ల పేర్లలో రెండోదాని మీద వేలు పెట్టి చూపింది. అది మహేశ్వరి పేరే. ఆవిడ అదిరిపడి కాగితాన్ని గబగబా బ్యాగులో దాచింది.

"ఇది మీ దగ్గర ఉండకూడదమ్మా! హక్కులన్నీ అచ్చేసిన కంపెనీకి రాసిచ్చినం. రాసినోళ్లం, మాకే లేవు."

"తీస్కపోండ్రి మేడం" అంది సుగ్రా, పెద్ద సైజు గాజులు చుడుతూ. "దగ్గుకైతే మేం తాళమెయ్యలే. ఎవరైనా వచ్చి ముఫత్‌ల ఇనిపోవచ్చు."

మహేశ్వరి వెంటనే కలం తీసి ఆ మాట రాసుకుంది. మూడో పత్రానికి పేరు బాగా కుదిరిందట.