టబ్బు కదలకుండా

స్నానపు టబ్బును అంగుళం కూడా కదపకుండా దాని తూముకు మరమ్మతు చేయించిన తొలి పాలకవర్గంగా తమ పాలకవర్గం చరిత్రకెక్కబోతున్నదని మా మున్సిపల్ ఛైర్మన్ గారు ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. అప్పుడు ఆయన పక్క కుర్చీలో కూర్చుని తలాడించింది నేనే. ఇరవై ఏళ్లుగా ఆ గద్దె మీద ఎవరు కూర్చుంటే వాళ్లని దిగిపొమ్మంటున్నదీ నేనే. కాబట్టి ఈ మహత్కార్యం గురించి రాసే అర్హత నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. భాష బాగాలేదంటే ఒప్పుకోను. నేను బడికెళ్లి నేర్చుకున్నవాణ్ణి కాదు.

ఎక్కడ నేర్చుకున్నానో కూడా చెప్పాలి, కథంతా అక్కడే ఉంది. మున్సిపల్ ఆఫీసు కింది అంతస్తులో పఠన మందిరం. పై అంతస్తులో ఛైర్మన్ గారి గది, దానికి అటాచ్‌డ్ బాత్రూమ్. ఇరవై మూడేళ్ల వయసులో కరపత్రాలు పంచడానికి ఆ పఠన మందిరంలోకి వెళ్లాను. లైబ్రేరియన్ అక్క "ఇందులో ఏముంది?" అని అడిగింది. నాకు చదవడం రాదని చెప్పలేక "విప్లవం" అన్నాను. ఆమె నవ్వలేదు. "తలకిందులుగా పట్టుకున్నావు తమ్ముడూ" అని, ఒకటో తరగతి వాచకం తీసి నా ముందు పెట్టింది. ఆర్నెల్లలో నా కరపత్రాలు నేనే చదివాను. చదివాక రెండు చించేశాను కూడా.

ఇప్పుడు నీళ్లు కారుతున్నది సరిగ్గా ఆ వాచకాల బీరువా మీదే.

ఛైర్మన్ గారు ప్రజాసేవలో బాగా అలిసిపోతారు. అందుకని రోజూ పదిన్నరకు టబ్బులో మునుగుతారు. టబ్బు అడుగున తూము రింగు తుప్పుపట్టి చిట్లింది. పదకొండింటికి ఆయన బిరడా లాగగానే కింద పుస్తకాల మీద వాన. అక్క గుమ్మం పక్కన బోర్డు రాసి పెట్టింది: "చదువుకునే వేళలు ఎనిమిది నుంచి పదకొండు వరకు, మళ్లీ పదకొండున్నర నుంచి. మధ్యలో ఉండదలచినవారు గొడుగు తెచ్చుకోవలెను." ఇంజనీరు వచ్చి చూసి, వచ్చే నెలాఖరులోగా కారడం ఆగకపోతే పఠన మందిరం ప్రమాదకరమని మూసేయాల్సి వస్తుందని రిపోర్టు రాశాడు. పై బాత్రూమ్ ప్రమాదకరమని మాత్రం రాయలేదు. అక్కడ ప్రమాదం లేదు మరి, నీళ్లు కిందికి పోతున్నాయి కదా!

నేను ఊరుకుంటానా? "టబ్బు పెకలించు, లేదా గద్దె దిగు" అని పోరాట కమిటీ వేశాను. ఇరవై రోజులు రిలే నిరాహార దీక్ష. రిలే అంటే ఒకరు తింటున్నప్పుడు ఇంకొకరు తినకపోవడం. కమిటీలో ఉన్నది నేనొక్కణ్ణే కనక నాతో నేనే రిలే చేసుకున్నాను. మా ఆవిడ క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఒకటే పాట: "మనింట్లో కుళాయి ఆర్నెల్లుగా కారుతోంది. దానిమీద దీక్ష ఎప్పుడు?" వ్యవస్థ మారితే కుళాయిలు వాటంతటవే మారతాయని చెప్పాను. ఆమె ఖాళీ గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

ఇరవై ఒకటో రోజు చర్చలకు పిలిచారు. ఛైర్మన్ గారు, ఇంజనీరు, నేను. గుమ్మం దగ్గర మున్సిపాలిటీ ప్లంబరు మేస్త్రీ, చెప్పులు విప్పి నిలబడి ఉన్నాడు.

ఇంజనీరు చార్టు విప్పాడు. "సార్, టబ్బు పెట్టాకే గోడ కట్టారు. టబ్బు బయటికి రావాలంటే గోడ పగలాలి. గోడ బయటివైపు మీ శిలాఫలకం ఉంది."

"పగిలితే?"

"ఈ పై అంతస్తు మీరే ప్రారంభించారనడానికి రుజువు పోతుంది సార్."

ఛైర్మన్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ప్రాణం పోయినా టబ్బు కదలదు."

"ప్రాణం పోయినా టబ్బు కదలాల్సిందే" అని నేను బల్ల గుద్దాను.

మేస్త్రీ దగ్గాడు. "సార్, టబ్బు తియ్యక్కర్లేదు. రింగు ఒక్కటే పోయింది. పైనుంచే హాక్సా బ్లేడుతో రెండు గాట్లు పెట్టి, లోపలికి మడిచి లాగేస్తా. కింది మరలు తుడిచి, కొత్త రింగు కింద పుట్టీ తాడులా చుట్టి బిగించేస్తా. అంతే."

"ఎంతకాలం పడుతుంది?" అన్నారు ఛైర్మన్ గారు.

"నలభై నిమిషాలు సార్. తుప్పు మొండికేస్తే గంట."

చావు కబురు విన్నట్టు ఛైర్మన్ గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ముందు నేనే తేరుకున్నాను.

"అంటే టబ్బు అక్కడే ఉంటుందా?"

"ఉంటుందన్నా. దానికేం రోగం?"

"మరి నా పోరాటం?"

"అది నాకెలా తెలుస్తుందన్నా? నాది పైపుల పని."

ఛైర్మన్ గారు నీరసంగా అన్నారు: "నలభై నిమిషాల పనికి మంత్రిగారిని ఏ మొహం పెట్టుకుని పిలవమంటావయ్యా?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. ఇరవై ఏళ్లలో మేమిద్దరం ఒకరి బాధ ఒకరు అర్థం చేసుకున్నది ఆ ఒక్క నిమిషమే. మేస్త్రీని బయటికి పంపి ఒప్పందం రాసుకున్నాం. పేరు "తొలగింపురహిత తూము పునరుద్ధరణ పథకం". పేరు నేనే పెట్టాను. టబ్బు కదలదు కనక విజయం వారిది. తూము మారుతుంది కనక విజయం నాది. మూడు వారాల తర్వాత మంత్రిగారు వస్తారు. కింద నిలబడి కారడం కళ్లారా చూస్తారు. పైకెళ్లి కొత్త రింగుకు ఆఖరి చుట్టు తిప్పుతారు. కారడం ఆగుతుంది. వేదిక మీద నాకో శాలువా.

కిందికొచ్చి అక్కకు శుభవార్త చెప్పాను.

"మూడు వారాలా? అప్పటికి నెలాఖరు కదా!"

"అక్కా, చరిత్రకు తొందర పనికిరాదు."

"వాచకాలకు ఉంది తమ్ముడూ తొందర" అని ఆమె తడిసిన పేజీలు కిటికీలో ఆరబెట్టుకుంటూ కూర్చుంది. ఆమెకు రాజకీయ అవగాహన తక్కువ.

మంత్రిగారు రావలసిన రోజు ఉదయం రిహార్సల్. టబ్బు నింపారు. పైన ఇంజనీరు బిరడా లాగాడు. కింద నేనూ ఛైర్మన్ గారూ గొడుగు మడిచి పట్టుకుని, తలలు పైకెత్తి నిలబడ్డాం. ఒక్క చుక్క రాలలేదు. మళ్లీ నింపారు. మళ్లీ లాగారు. పైకప్పు ఎండి, తెల్లగా, సిగ్గులేకుండా ఉంది.

"కుట్ర!" అన్నారు ఛైర్మన్ గారు.

"కుట్ర!" అన్నాను నేను. ఇద్దరం ఒకేసారి అన్నాం.

మేస్త్రీని పట్టుకొచ్చారు. "రెండు వారాలైంది సార్" అన్నాడు వాడు నేల చూస్తూ. "భోజనాల టైములో చేసేశా. ముప్పై అయిదు నిమిషాలే పట్టింది."

"ఎవడు చెయ్యమన్నాడు?"

"నేనే" అంది అక్క బీరువా దగ్గర్నుంచి. "నేనే చెప్పాను. పుస్తకాలు పొడిగా ఉన్నాయి. తప్పా?"

ఛైర్మన్ గారు గడియారం చూసుకున్నారు. గంటన్నరలో మంత్రిగారు. కారనిదాన్ని ఆపడం ఎలా?

"మళ్లీ పగలగొట్టు" అన్నారు ఛైర్మన్ గారు మేస్త్రీతో.

"బాగుచెయ్యడమే వచ్చు సార్. పగలగొట్టడం నేర్చుకోలేదు."

ఇంజనీరు ముందే చేతులెత్తేశాడు. "పగలగొట్టడానికి ఎస్టిమేటు లేదు సార్."

అప్పుడు ఛైర్మన్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "కన్వీనర్ గారూ, ఇరవై ఏళ్లుగా ధ్వంసం చేస్తాం, ధ్వంసం చేస్తాం అంటున్నారు. అనుభవం మీది."

ఉలి, సుత్తి తీసుకుని టబ్బులోకి దిగాను. జీవితంలో మొదటిసారి. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది. బోర్లా పడుకుని మొదటి దెబ్బ నా బొటనవేలి మీదే వేసుకున్నాను. "టబ్బు జాగ్రత్త!" అని అరిచారు ఛైర్మన్ గారు. రెండో దెబ్బకు రింగు చిట్లింది. మూడో దెబ్బకు పుట్టీ ఊడింది. టబ్బు మీద గీత కూడా పడలేదు. కింద నుంచి ఆఫీసు సిబ్బంది చప్పట్లు వినబడ్డాయి. కారుతోంది! పాతదానికంటే ధారగా కారుతోంది!

అప్పుడే ఇంజనీరు ఫోను మోగింది. మంత్రిగారికి వేరే చోట వంతెన పని పడింది. ప్రారంభించడానికో, కూలినదాన్ని చూడటానికో సరిగా వినబడలేదు. కార్యక్రమం వాయిదా. కొత్త తేదీ ఇచ్చేవరకు తూమును ఉన్నది ఉన్నట్టుగా కాపాడవలసిందని ఆదేశం. కాపాడటానికి అక్కడికక్కడే కమిటీ వేశారు. కన్వీనర్ ఎవరో మీరు ఊహించగలరు.

ఆ రోజే నెలాఖరు. రిపోర్టు ప్రకారం ఇంజనీరు టైపు చేసిన కాగితం ఒకటి నా చేతికిచ్చి, "కమిటీ తరఫున మీరే వినిపించెయ్యండి" అన్నాడు.

అక్క తడిసిన కళ్లద్దాలు చీర చెంగుతో తుడుచుకుంటోంది. "నాకు కనబడటం లేదు. గట్టిగా చదువు తమ్ముడూ."

చదివాను. పునరుద్ధరణ పథకం ప్రారంభమయ్యే వరకు పఠన మందిరం మూసివేయడమైనది. ఒత్తులూ దీర్ఘాలూ ఒక్కటి పోలేదు. ఎక్కడా తడుముకోలేదు.

అక్క చివరిదాకా విని, తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈసారి సరిగ్గానే పట్టుకున్నావు తమ్ముడూ" అంది.