అత్తగారి సవరం, ఎల్ఫుల విల్లు

ఆ ఉదయం రచయితగారు పెట్టుకున్న పని ఒక్కటే, సాయంత్రంలోగా తన నవలలో ఎల్ఫుల విల్లు అధ్యాయం ముగించడం. మొనదేలిన చెవుల ఆ అడవి జనం విల్లుని ఆయన కన్నకూతురిలా పెంచుకొచ్చాడు. వెన్నెల్లో నరికిన కర్ర, జింక కొమ్ము కొసలు, ఎల్ఫుల రాణి జుట్టుతో పేనిన నారి. ఇంతలో సంపాదకుడు ఫోన్ చేశాడు.

"జుట్టుతో నారేంటండీ, లాగితే పుటుక్కున తెగదూ? తెగదని సాయంత్రంలోగా రుజువు చూపించండి, లేదంటే ఆ అధ్యాయం ఎత్తేద్దాం."

రచయితగారికి రోషం పొడుచుకొచ్చింది. వెదురు బూజు కర్ర తీసి వంచాడు. ఇక జుట్టు. తన నెత్తిన ఉన్నది దువ్వెనకే చాలదు, భార్యది మెడ దాకానే. అత్తగారి అద్దం ముందు మాత్రం బారెడు సవరం నిగనిగలాడుతోంది. కాసేపు వాడుకుని అక్కడే పెట్టేస్తే సరి అనుకుని పేనాడు, బిగించి కట్టాడు, భార్య అల్లిక సూదిని బాణంగా సంధించి వదిలాడు. సూది సోఫాలో దిగబడింది. నారి తెగలేదు! ఆయన గంతేయబోతుండగా అత్తగారి గొంతు వినిపించింది.

"నా సవరం ఏదే అమ్మాయ్? సాయంత్రం నాతో పనిచేసిన పాత టీచర్లందరి ముందు పాడాలి!"

విల్లు మంచం కిందికి పోయింది. "బాత్రూంలో చూశారా అత్తయ్యా?" అని రచయితగారు నోరు జారాడు.

"అయ్యో, తూములోకి పోయిందేమో!" అంటూ భార్య ప్లంబర్ని పిలిచింది. ప్లంబర్ వచ్చీరాగానే నీళ్లు కట్టేశాడు. పై వాటా ఆయన ఒళ్లంతా సబ్బు నురగతో, తువ్వాలు పట్టుకుని దిగొచ్చి కేకలు మొదలెట్టాడు. ప్లంబర్ తూములోంచి ఓ ముద్ద లాగాడు.

"సవరం కాదమ్మా, ఇదంతా సారు జుట్టే," అని రచయితగారి నెత్తికేసి జాలిగా చూశాడు. "ఇంకా లోపల పొడవాలి. పొడుగాటి కర్రేదైనా ఉందా?"

"బూజు కర్ర ఉంది, తెస్తానుండు," అంది భార్య.

రచయితగారు ఆపేలోపే ఆవిడ లోపలికి వెళ్లింది. ఇల్లంతా వెతికి, మంచం కింద దొరికిన విల్లుతో తిరిగొచ్చింది. సబ్బు నురగాయన కేకలు మాని మెడ సాచి చూశాడు.

"తప్పయిపోయింది అత్తయ్యా. ఎల్ఫుల రాణి జుట్టుకి సరితూగేది ఇంట్లో ఇంకోటి కనపళ్లేదు," అన్నాడు రచయితగారు. భయంతో అన్నా, అది నిజమే.

"రాణి జుట్టా?" అత్తగారు నారిని వేలితో మీటింది. "బాణం వదిలిందా?"

"సోఫాలో దిగబడిందండీ."

"దిగబడదూ మరి! వయసులో రాలిన నా జుట్టంతా దాచి కట్టించుకున్నాను."

"విప్పి ఇచ్చేస్తానుండండి."

ఆవిడ అల్లుడి చెయ్యి తోసేసింది. "విప్పావో, ఊరుకోను! జడలో పెట్టుకుంటే దీని సత్తా ఎవరికి తెలుస్తుంది?" అంటూ ఉన్న జుట్టే చిన్న ముడి వేసుకుని, విల్లు భుజాన తగిలించుకుని బయల్దేరింది.

సాయంత్రం సంపాదకుడు మళ్లీ ఫోన్ చేశాడు. "రుజువు దొరికిందా?"

"దొరికిందండీ," అన్నాడు రచయితగారు, "పాట కచేరీకి వెళ్లింది."