పెనానికి పాలిష్

ఆ శనివారం పళ్ళ డాక్టరుగారి కార్యక్రమం చాలా చిన్నది. ఒక గుడ్డు వేసుకుని తినాలి, తొమ్మిదింటికి క్లినిక్కు తెరవాలి, పోస్టుమాస్టరుగారి దవడ పన్ను పీకాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి వదినగారితో కలిసి భోజనం చెయ్యాలి. వీటిలో కష్టమైన పని పన్ను పీకడం ఒక్కటేనని ఆయన అనుకున్నారు.

ఆయన భార్య లెక్కల టీచరు. ఒంటిపూట బడికి బయలుదేరుతూ వంటింటి గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, ఆ సిరామిక్ పెనం ఇవాళ ముట్టుకోకపోతే మంచిది. ముట్టుకుంటే మాత్రం సిమ్‌లోనే పెట్టాలి. మూడు నిమిషాలు ఆగాలి. తర్వాత చుక్క నూనె. ఆ తర్వాతే గుడ్డు. ఇనప అట్లకాడ వద్దు. వేడి మీద చన్నీళ్ళు పొయ్యొద్దు."

"నాకు చెప్తావేంటోయ్? రోజూ నలుగురి నోళ్ళలో సిరామిక్ పళ్ళు బిగించేవాణ్ణి."

"నోట్లో స్టవ్వు ఉండదు కదండీ" అని ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ భయానికి కారణం ఉంది. వాళ్ళక్క ముప్ఫై ఏళ్ళుగా వంటల క్లాసులు నడుపుతోంది. చెల్లెలి ఇంటికి వచ్చినప్పుడల్లా చేతిసంచీ కింద పెట్టకముందే వంటింట్లో దూరి డబ్బాలన్నీ తారుమారు చేసి, "ఇలా ఉండాలమ్మా వంటిల్లంటే" అని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఉప్పు దొరకదు. పాత నాన్‌స్టిక్ పెనం నల్లటి పొరలు ఊడి కూరలో కలుస్తోందని చెల్లెలు దాన్ని పారేసి, లేతాకుపచ్చ రంగు సిరామిక్ పెనం కొన్నప్పుడు అక్కగారు ఫోన్లో తీర్పు చెప్పేసింది. "పింగాణీ సామాను అద్దాల బీరువాలో పెట్టుకోవడానికమ్మా. దాంట్లో గుడ్డు వేస్తే ఉలి పెట్టి చెక్కుకోవాలి."

చివరికి పందెం పడింది. ఇవాళ భోజనాల వేళ, అక్కగారి కళ్ళెదుట, చుక్క నూనెతో వేసిన గుడ్డు దానంతటదే జారి పళ్ళెంలో పడితే ఆవిడ ఇంకెప్పుడూ చెల్లెలి వంటింట్లో వేలు పెట్టదు. అంటుకుంటే మాత్రం ఆవిడ చెప్పిన గిన్నెలే కొనాలి, ఆవిడ సర్దినట్టే ఉంచాలి. పదకొండేళ్ళ కాపురంలో చెల్లెలు కోరుకున్న స్వాతంత్ర్యమంతా ఒక గుడ్డు మీదకు వచ్చి నిలబడింది.

డాక్టరుగారు మంచివారే కానీ, కాలుకాలిన పిల్లి. లిఫ్టు బటన్ ఒకసారి నొక్కితే వస్తుందని ఆయన ఈనాటికీ నమ్మరు. పెనం స్టవ్వు మీద పెట్టి, సిమ్‌లో మంట చూశారు. అది మంటలా లేదు, ఎవరో మరిచిపోయిన అగరొత్తిలా ఉంది. అర నిమిషం ఆగి, "ఇది తెమిలే బేరం కాదు" అని నాబ్ మొత్తం తిప్పేశారు. గుడ్డు కొట్టారు. అంతలో ఫోను మోగింది. ఎవరో వారం తర్వాతి అపాయింట్‌మెంట్ అడుగుతున్నారు. చెప్పి వచ్చేసరికి గుడ్డు లేదు. గుడ్డు ఉన్న చోట ఒక నల్లటి దేశపటం ఉంది.

తర్వాత ఆయన చేసిన పనులు భార్య చెప్పిన వరసలోనే జరిగాయి, కాకపోతే తలకిందులుగా. ఇనప అట్లకాడతో గీకారు. వేడి పెనం మీద చన్నీళ్ళు పోశారు. అది చుయ్యిమని అరిచింది. స్టీలు పీచుతో తోమారు. నలుపు పోలేదు, పెనానికున్న నునుపు పోయింది. చెయ్యి పెట్టి చూస్తే గరగరలాడింది. సామాన్ల కొట్టుకు ఫోను చేస్తే, "ఆ రంగువి అయిపోయాయండీ, బుధవారం వస్తాయి" అన్నాడు కొట్టతను. బుధవారానికి డాక్టరుగారి కాపురం ఏ స్థితిలో ఉంటుందో కొట్టతనికి ఏం తెలుసు?

ఆయన పెనాన్ని తువ్వాలులో చుట్టుకుని క్లినిక్కుకు పరుగెత్తారు.

నర్సమ్మ అప్పటికే దూది సర్దుతోంది. పెనం చూసి, "గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి నానబెట్టండి డాక్టర్‌గారూ. అరగంటలో మెత్తబడుతుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది" అంది.

"అరగంటా! పళ్ళ మీద పాతికేళ్ళ పొగాకు గారని నేను ఐదు నిమిషాల్లో తీస్తాను. ఇదెంత?"

అంతలో పోస్టుమాస్టరుగారు బుగ్గ పట్టుకుని వచ్చారు. డాక్టరుగారు ఆయనకు మత్తు సూది వేసి, "పది నిమిషాలు బయట కూర్చోండి. మొద్దుబారాక పీకుదాం. కాస్త ఓపిక పట్టాలి మరి" అని పంపించారు. తలుపు మూసుకోగానే పెనాన్ని కుర్చీలో పడుకోబెట్టి, అలవాటు కొద్దీ దానికొక కాగితపు ఏప్రన్ కట్టి, లైటు కిందికి లాగి, డ్రిల్లు అందుకున్నారు. నర్సమ్మ నీళ్ళు పీల్చే గొట్టం పట్టుకుని నిలబడింది. ఆవిడ పదిహేనేళ్ళుగా ఆ ఉద్యోగం చేస్తోంది, ఎదురుచెప్పడం మానేసి పన్నెండేళ్ళయింది.

యంత్రం కీచుమంది. పోస్టుమాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. లోపల తనకంటే ముందు వచ్చిన రోగి ఎవరూ లేరని ఆయనకు తెలుసు. లేచి తలుపు సందులోంచి చూశారు. తాను కూర్చోవలసిన కుర్చీలో ఏప్రన్ కట్టుకున్న పెనం వెల్లకిలా పడుకుని ఉంది. తన నోట్లో పెట్టబోయే డ్రిల్లు దాని మాడు గీకుతోంది. ఆయన మరి కూర్చోలేదు. సగం మొద్దుబారిన మూతితో వీధిలోకి వెళ్ళి, కనిపించిన ప్రతివాళ్ళకూ చేతులు తిప్పుతూ తాను చూసింది చూసినట్టు చెప్పారు.

ఆయన హెచ్చరికగా చెప్పిన మాట నాలుగు గుమ్మాలు దాటేసరికి ప్రకటన అయిపోయింది. డాక్టరుగారు గిన్నెలకు కూడా పాలిష్ పడుతున్నారట! పక్కనున్న బేకరీ ఆయన నాలుగు మాడిన రేకులు పట్టుకొచ్చాడు. దర్జీ ఆవిడ కెటిల్ తెచ్చింది. మూడేళ్ళుగా కట్టుడు పళ్ళు సరిచేయించుకోండి మొర్రో అంటే రాని బామ్మగారు, తుప్పు పట్టిన ఇనప పెనం చంకన పెట్టుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

లోపల డాక్టరుగారికి ఇదేమీ తెలియదు. నలుపు పోయింది. దాంతోపాటు లేతాకుపచ్చ కూడా పోయింది. పెనం మధ్యలో అరచెయ్యంత మేర తెల్లటి లోహం మెరుస్తోంది.

"డాక్టర్‌గారూ, పై పొర లేచిపోయింది" అంది నర్సమ్మ మెల్లగా.

"కనబడుతోందిలే అమ్మా."

మూడు గంటల్లో భార్య వస్తుంది. అక్కగారు గెలుస్తుంది. ఇక మిగిలిన జీవితమంతా ఉప్పు కోసం వెతుక్కోవాలి, అదీ తన మూలాన. భార్య ముఖం తలుచుకుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. తలుపు తీసి చూస్తే ఎదురుగా గిన్నెల వరస. ఆ వరసలో చివర, చేతిసంచీ గుండెలకు హత్తుకుని, వదినగారు.

"మరిదిగారూ, ఒక్క నిమిషం మీతో చాటుగా మాట్లాడాలి" అందావిడ.

లోపలికి వచ్చి తలుపు వేసి, సంచీలోంచి ఒక పెనం తీసింది. లేతాకుపచ్చ సిరామిక్ పెనం. మధ్యలో బొగ్గులా మాడి ఉంది.

"చెల్లెలు కొన్నదని చెప్పిన మర్నాడే నేనూ కొన్నాను. పెద్ద మంట మీద పెట్టి, ఫోన్లో నా శిష్యురాలికి అడుగంటకుండా ఎలా వండాలో చెబుతున్నాను. ఇంతలో ఇది ఇలా అయింది. పనికిమాలిన పెనం అని చెల్లెలికి చూపిద్దామని తెచ్చాను. బస్సు దిగగానే మీ సంగతి విన్నాను. మెరిపించేస్తారట కదా! నా పరువు కాపాడండి. నా చేతిలో గిన్నె మాడిందంటే రేపు క్లాసుకి ఎవరొస్తారు?" అంటూ ఆవిడ కుర్చీ వైపు చూసింది. చూసి ఆగిపోయింది. "అది... చెల్లెలిది కదూ?"

డాక్టరుగారు తల దించుకున్నారు.

"మీ సంగతి నేను చెప్పను. నా సంగతి మీరు చెప్పకండి" అన్నారాయన. "కానీ ఒంటిగంటకి ఇంట్లో ఒక పెనం ఉండాలి, వదినగారూ."

"అంటే నా పెనంతో నన్నే ఓడిస్తారా?"

"ఓడితే వంటింట్లోకి వెళ్ళడం మానేస్తారు, అంతే. మాడ్చారని తెలిస్తే..."

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "సరే. కానీ ఆ డ్రిల్లు దీని దగ్గరికి తెచ్చారంటే ఊరుకోను."

నర్సమ్మ అడగకుండానే వేడినీళ్ళు పెట్టింది, వంటసోడా కలిపింది. ఆ అరగంట డాక్టరుగారు గదిలో నూటపాతికసార్లు అటూ ఇటూ నడిచారు. మూడుసార్లు పెనంలో వేలు పెట్టబోతే మూడుసార్లూ వదినగారు చేతి మీద కొట్టింది. అరగంట తర్వాత నర్సమ్మ మెత్తటి గుడ్డతో తుడిస్తే మాడు పొరలా లేచివచ్చింది. పెనం పెళ్ళికూతురిలా ఉంది. నర్సమ్మ బయటకు వెళ్ళి, "పళ్ళనొప్పి ఉన్నవాళ్ళే ఉండండి" అని వరసను ఇళ్ళకు పంపించింది.

ఒంటిగంటకు వంటింట్లో ముగ్గురూ స్టవ్వు చుట్టూ నిలబడ్డారు. టీచరు సిమ్‌లో పెట్టింది. మూడు నిమిషాలు ఆగింది. చుక్క నూనె వేసి, గుడ్డు కొట్టింది. టీచరు పెనం కాస్త వంచగానే గుడ్డు చెక్కుచెదరకుండా సర్రున జారి పళ్ళెంలో పడింది.

"చూశావా అక్కా!" టీచరు గొంతులో పదకొండేళ్ళ ఎదురుచూపు ఉంది.

"చూశానే" అంది అక్కగారు, తేలు కుట్టిన దొంగలా. "ఒప్పుకున్నాను. ఇక నీ వంటింట్లో వేలు పెట్టను."

చెల్లెలు ఆనందం పట్టలేకపోయింది. గెలిచినవాళ్ళకు మనసు మెత్తబడుతుంది. పాపం, అక్క ముఖం చిన్నబోయిందని ఆవిడకు అనిపించింది. పెనం చల్లారనిచ్చి, కడిగి, తుడిచి, కాగితంలో చుట్టి అక్క చేతిలో పెట్టింది.

"నీ దగ్గర ఇలాంటిది లేకే కదా నువ్వు నమ్మలేదు. ఇది నువ్వే తీసుకెళ్ళు. నేను ఇంకోటి కొనుక్కుంటాను."

"వద్దులేవే, నాకెందుకు..."

"ఇచ్చెయ్యవోయ్, ఇచ్చెయ్!" అన్నారు డాక్టరుగారు, అవసరమైనదానికంటే గట్టిగా. "బుధవారం కొత్తవి వస్తాయి."

అక్కగారు ఆయన వైపు చూసిన చూపుకు ఇంకో పెనమైతే సిమ్ అవసరం లేకుండానే మాడిపోయేది. కానీ టీచరు వదిలే మనిషి కాదు. పెనంతో వచ్చిన కాగితం తెచ్చి, పెద్ద మంట పెట్టకూడదన్న వాక్యాన్ని అక్క చేత రెండుసార్లు పైకి చదివించింది. "మర్చిపోతావేమో, అడుగు మాడితే ఇక బాగుపడదు" అని వేలు చూపించి మరీ చెప్పింది. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ పాఠాలు చెప్పిన అక్కగారు బుద్ధిగా తలూపింది.

సాయంత్రం బస్సు కదిలాక టీచరు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "గమనించారా? పెనం చేతిలో పెట్టగానే అక్కకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత చిన్నదానికే!"

డాక్టరుగారు గమనించారు, పెనంలాగే ఆ కన్నీళ్ళు కూడా అక్కగారి సొంతమే.