కాశిబుగ్గ జర్మనీ

పాండురంగం ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు చమురు కంపెనీ నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు వరంగల్ కాశిబుగ్గ సందులోని తన షెడ్డు చూపించాలి, చాయ్ తాగించాలి, సంతకం పెట్టించుకోవాలి. అతను చేసేవి పైపుల అతుకుల్లో వేసే రబ్బరు వాషర్లు. అవి సగానికి పైగా మన దేశంలోనే తయారయ్యాయని రుజువైతే, కొత్త నిబంధన ప్రకారం ఆర్డరు అతనికే. లేదంటే వచ్చే నెల షెడ్డుకు తాళమే.

రుజువుకు కొదవ లేదు. రబ్బరు గుజరాత్‌ది, అచ్చు వరంగల్‌ది, చెమట ముసలి పనివాడు గట్టయ్యది. చిక్కల్లా ఒక్కటే. ప్రతి వాషర్ మీదా "మేడ్ ఇన్ జర్మనీ" అని స్టిక్కర్ ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి కదా, లోకల్ సరుకంటే బేరగాళ్లు ముట్టరు. అందుకే పదేళ్లుగా అతనే అంటిస్తున్నాడు. ఆ సంగతి ఎనిమిదింటికి, అద్దం ముందు తల దువ్వుకుంటుండగా గుర్తొచ్చింది.

"ఓ అక్షర నాయినా, గోర్లతోని గీకితే ఊడుతలేవు," అంది భార్య పద్మలత, ఎప్పటిలా కూతురి పేరుతో మొగుణ్ని పిలుస్తూ. "డీజిల్ల నానబెడుదామా?"

తొట్టి నిండా డీజిల్ పోసి రెండు వందల వాషర్లు ముంచారు. స్టిక్కర్లు ఒక్కొక్కటే ఊడి తేలుతుండగా, ఇన్‌స్పెక్టర్ యమున అరగంట ముందే దిగింది. పాండురంగం తొట్టి మీద గోనెపట్టా కప్పేశాడు. ఆమె నేరుగా వచ్చి ఆ పట్టానే లేపింది.

"డీజిల్‌ల వేసి రబ్బరు ఉబ్బుతదా లేదా పరీక్ష చేస్తున్నరా? శభాష్!"

"రోజూ జేస్తం మేడం," అన్నాడు పాండురంగం, సిగ్గు లేకుండా.

ఆమె ఒక వాషర్ పైకి తీసింది. వేలికి స్టిక్కర్ అంటుకుంది. "జర్మనీయా?"

గట్టయ్య ముందుకు దూకాడు. ఎవరడిగినా ఏం చెప్పాలో సేటు పదేళ్లుగా నేర్పిన పాఠం అతనికి కంఠతా వచ్చు.

"ఒరిజినల్ జర్మనీ, మేడం! ఓడల దిగింది!"

"అయ్యో గట్టన్నా, జర ఊకో!"

"మీరే గద సేటు, గట్ల జెప్పుమన్నది?"

యమున మొహం మాడిపోయింది. "బయటి దేశం సరుకు తెచ్చి లోకల్ అంటున్నరా? కేసయితది!"

నిజం చెబితే మోసగాడు, చెప్పకపోతే విదేశీయుడు. పాండురంగానికి ఏడుపొచ్చింది. షెడ్డు మీద ఆధారపడ్డ ఎనిమిది మంది కళ్లముందు మెదిలారు. చివరికి మోసగాడు కావడానికే సిద్ధపడ్డాడు.

"మేడం, వాషర్లు మావే. స్టిక్కర్లే దొంగయి. లోకల్ అంటే ఎవ్వడు కొంటలేడు."

"నమ్మాల్నా? మేము వాడే అసలు జర్మనీ వాషర్ ఇది. పక్కన పెడితే తేలిపోతది," అంటూ ఆమె బ్యాగులోంచి ఒకటి తీసింది.

పక్కన పెట్టి చూశారు. అదే స్టిక్కర్. లోపలి అంచున అదే చిన్న గాటు. నాలుగేళ్ల కింద గట్టయ్య చేతిలోంచి జారిన సుత్తి అచ్చు మీద పడినప్పటి నుంచి, ఆ షెడ్డులో పుట్టిన ప్రతి వాషర్‌కూ ఆ గాటు ఉంది.

"మేడం, గిది మేము సికింద్రాబాద్ డీలర్‌కు పంపిన మాలే," అన్నాడు పాండురంగం మెల్లగా.

యమున రెండు గాట్లనూ వేలితో తడిమి చూసింది. ఆ జర్మనీ సరుకును ఏటా పరీక్షించి, మన దేశంలో ఇంత నాణ్యత సాధ్యం కాదని రాసి సంతకం చేసింది ఆమే. ఫారం తీసి, నూటికి నూరు శాతం స్వదేశీ అని నింపింది.

"ఈ ముచ్చట మీరు మర్చిపోండి, నేనూ మర్చిపోత," అంది, పద్మలత ఇచ్చిన చాయ్ అందుకుంటూ.

ఆ నెల నుంచి చమురు కంపెనీ జర్మనీ దిగుమతి పూర్తిగా ఆపేసింది. ఆ కబురు జర్మనీకి మాత్రం ఇప్పటికీ తెలియదు.